ఇన్‌ఫ్రారెడ్ ల్యాండ్‌స్కేప్: ఫొటో ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎరుపుకి అవతల ఉండే, కంటికి కనిపించని కాంతి. ఇక్కడ చెప్పేవన్నీ మార్పులేమీ చేయించని మామూలు డిజిటల్ కెమెరాకి, లెన్స్ ముందు బిగించే 720 నానోమీటర్ల ఫిల్టర్‌కి (దాదాపు అంతకంటే పొడవైన కాంతి తరంగాలనే వదిలేది) వర్తిస్తాయి. హోయా ఆర్72 ఈ రకమే. సెన్సర్‌లోని సిలికాన్‌కి ఇన్‌ఫ్రారెడ్ బాగానే కనిపిస్తుంది. రంగులు పాడవకూడదని కంపెనీలే సెన్సర్ ముందు దాన్ని అడ్డుకునే గాజుపలక పెడతాయి. మన ఫిల్టర్ మామూలు వెలుతురును ఆపుతుంది, లోపలి పలక ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది. ఆ రెండింటినీ తప్పించుకుని వచ్చే కాస్త కాంతితోనే పని నడవాలి. తిప్పలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఫొటో మొత్తం నల్లగా వస్తోంది

ఫిల్టర్ కొనకముందే టీవీ రిమోట్‌తో పరీక్ష చేయండి. గది చీకటి చేసి, రిమోట్ బల్బును లెన్స్ వైపు తిప్పి, బటన్ నొక్కి పట్టుకుని ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా చూపే సున్నితత్వం) 1600లో ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇవ్వండి. చుక్క వెలుగుతూ కనిపిస్తే పని జరుగుతుంది. రిమోట్లు ఎక్కువగా 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి, మనకు కావలసింది 720 నుంచి 800 మధ్యది. అందుకే చుక్క మసగ్గా ఉన్నా నిరాశపడనక్కర్లేదు. అసలు కనిపించకపోతే మాత్రం ఫిల్టర్ మీద డబ్బు పెట్టకండి.

పరీక్ష నెగ్గినా నల్లగానే వస్తుంటే ఎక్స్‌పోజర్ చాలడం లేదన్నమాట. మంచి ఎండలో ఐఎస్ఓ 200, ఎఫ్/8 (అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం కొలత) దగ్గర మామూలు ఫొటోకి సెకనులో 800వ వంతు చాలు. ఫిల్టర్, పలక కలిసి పది స్టాప్‌లు తింటే (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది) అది దాదాపు 1.3 సెకన్లు అవుతుంది. పదిహేను పోతే 40 సెకన్లు. మీ కెమెరా ఎంత తింటుందో అందులోని వెలుతురు మీటర్‌ను అడిగి లాభం లేదు. ముందు ఐఎస్ఓ 6400లో తీసి చూడండి. అక్కడ 2 సెకన్లు సరిపోతే ఐఎస్ఓ 200లో 64 సెకన్లు కావాలి. 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచేది), కేబుల్ రిలీజ్ (కెమెరాను ముట్టకుండా నొక్కే తీగ) తప్పవు. పలక బలహీనంగా ఉన్న పాత కెమెరాలు ఈ పనికి కొత్తవాటికంటే మేలు. 2004లో వచ్చిన నికాన్ డి70కి ఇప్పటికీ ఆ పేరుంది.

ఫొటో అంతా ఎర్రగా ఉంది

ఇది లోపం కాదు, వైట్ బ్యాలెన్స్ (దేన్ని తెలుపుగా లెక్కవేయాలో కెమెరాకు చెప్పే సెట్టింగ్) సంగతి. ఫిల్టర్ బిగించే ఉంచి, ఎండలో ఉన్న పచ్చగడ్డిని ఫ్రేమ్ నిండా తీసి, ఆ ఫొటోతోనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టండి. కెమెరా కుదరదని మొరాయిస్తే ఎక్స్‌పోజర్ పెంచి మళ్లీ ప్రయత్నించండి. తీసేది రా ఫార్మాట్‌లోనే (సెన్సర్ నమోదు చేసినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు) తీయాలి.

ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే మళ్లీ ఎర్రబడుతుంది, ఎందుకంటే అందులో టెంపరేచర్ స్లైడర్ 2000 కెల్విన్ కిందికి దిగదు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో మీ ఫొటోని డీఎన్‌జీ ఫైలుగా మార్చి తెరిచి, కలర్ మ్యాట్రిసెస్ ట్యాబ్‌లో టెంపరేచర్‌ను మైనస్ 100కి లాగి, ప్రొఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. లైట్‌రూమ్‌ను మూసి తెరిచాక ఆ ప్రొఫైల్ ఎంచుకుంటే స్లైడర్‌కు కదలడానికి చోటు దొరుకుతుంది.

అప్పుడు ఆకులు తెల్లబడి ఆకాశం ఇటుక రంగులో మిగులుతుంది. నీలం కావాలంటే ఫొటోషాప్ ఛానెల్ మిక్సర్‌లో రెడ్ అవుట్‌పుట్‌కి రెడ్ 0, బ్లూ 100, బ్లూ అవుట్‌పుట్‌కి రెడ్ 100, బ్లూ 0 పెట్టండి. జింప్‌లోనూ ఇదే పద్ధతి. ఈ పని 16 బిట్ ఫైల్ మీద చేయండి, జేపెగ్ మీద చేస్తే ఆకాశంలో చారలు తేలతాయి.

తీసేటప్పుడు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) రెడ్ ఛానెల్‌ను విడిగా చూడండి. మొత్తం హిస్టోగ్రామ్ బాగానే కనిపిస్తున్నా రెడ్ కుడి గోడకు కొట్టుకుని ఉండొచ్చు. అది పోతే ఆకుల వివరం తిరిగి రాదు.

ఆకులు తెల్లబడటం లేదు

మబ్బు పట్టిన రోజైతే కారణం వేరే వెతకక్కర్లేదు. నేరుగా పడే ఎండ కావాలి. ఈ తెల్లదనాన్ని వుడ్ ఎఫెక్ట్ అంటారు, 1910లో ఇలాంటి ఫొటోలు ప్రచురించిన అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేరు మీద. పత్రహరితం ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకోదు. ఆకు లోపలి కణాలూ వాటి మధ్య గాలి ఖాళీలూ దాన్ని చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. కాబట్టి ఆకు ఉండాలి. ఎండాకాలంలో ఆకు రాల్చిన నల్లమల కొండల్లో కొమ్మలే మిగులుతాయి. గండికోట లోయలో ఎక్కువ భాగం రాయే. కోనసీమ కొబ్బరితోటా పక్కన కాలువా దొరికితే సగం పని అయినట్టే. నీళ్లు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుని నల్లగా వస్తాయి, ఆ నలుపు మీద మట్టలు వెండిలా తేలతాయి.

ఎండా ఆకులూ ఉండి కూడా బూడిద రంగే వస్తుంటే ఫిల్టర్‌ను అనుమానించండి. చవక ఫిల్టర్లు కొన్ని కంటికి కనిపించే ఎరుపును కూడా వదులుతాయి. ఒకే ఎక్స్‌పోజర్‌తో ఫిలమెంట్ బల్బు వెలుగులో ఒకటి, తెల్ల ఎల్ఈడీ వెలుగులో ఒకటి తీయండి. రెండోది దాదాపు నల్లగా రావాలి.

మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ

హాట్ స్పాట్ అంటే ఇదే. లెన్స్ కోటింగులు మామూలు వెలుతురు కోసం వేసినవి. ఇన్‌ఫ్రారెడ్ లెన్స్ లోపలా సెన్సర్ మీదా ప్రతిఫలించి నడిమధ్యలో పోగవుతుంది. అపెర్చర్ చిన్నదయ్యేకొద్దీ మచ్చ చిన్నదై, అంచు గట్టిపడి, ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఒకే దృశ్యాన్ని ఎఫ్/4, 5.6, 8, 11, 16లలో తీసి, వరసగా పెట్టి చూడండి. ఏ అంకె దగ్గర మచ్చ పుడుతోందో తెలిస్తే దానికి ఒక మెట్టు ముందే ఆగండి. జూమ్ అయితే ఫోకల్ లెంగ్త్ మార్చి కూడా చూడాలి. క్యానన్ 50 మి.మీ. ఎఫ్/1.8కి ఈ జబ్బు ఉందని బాగా తెలిసిందే. చవకైన 18-55 కిట్ లెన్సులు చాలాసార్లు దానికంటే నయం. రేడియల్ ఫిల్టర్‌తో మచ్చ వెలుగు తగ్గించవచ్చు గానీ, దాని రంగు కూడా తేడాగా ఉంటుంది కాబట్టి నలుపు తెలుపులోనే నప్పుతుంది.

అంతా మసగ్గా ఉంది

ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు సెన్సర్‌కి కొంచెం వెనక కలుస్తాయి. ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, రింగును దగ్గరి దూరం వైపు పిసరంత తిప్పి, అప్పుడు ఫిల్టర్ బిగించండి. పాత లెన్సుల మీద దీనికోసం ఎర్ర చుక్కో ఆర్ అక్షరమో ఉంటుంది. లేనివాటికి కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీసి, బాగా వచ్చిన చోట రింగు మీద గుర్తు పెట్టుకోవడమే. ఎఫ్/8 చాలా పొరపాట్లను కప్పేస్తుంది. హాట్ స్పాట్‌కి భయపడి 5.6లో తీస్తుంటే మాత్రం ఫోకస్ కచ్చితంగా ఉండాలి. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి వంగి చెదరడం) వల్ల మళ్లీ మెత్తబడుతుంది.

ఫిల్టర్ బిగించాక డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని చూడకండి. చీకటిగా ఉందనిపిస్తుంది గానీ ఇన్‌ఫ్రారెడ్ కంట్లోకి వెళ్తూనే ఉంటుంది.

వింత వెలుగు చారలు, రంగు చుక్కలు

చారలైతే డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ వెనక నుంచి దూరిన వెలుతురు అయ్యుంటుంది. ఐపీస్ మూత పెట్టండి, లేదా నల్ల గుడ్డ కప్పండి. ఎర్ర, నీలం చుక్కలు పొడవాటి ఎక్స్‌పోజర్‌లో వచ్చే హాట్ పిక్సెళ్లు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే చాలావరకు పోతాయి. నిమిషం ఫొటోకి ఇంకో నిమిషం ఆగాలి, బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది. ఎండలో ట్రైపాడ్ మీదే వదిలేసిన కెమెరా వేడెక్కి చుక్కల్ని పెంచుతుంది, ఫొటోకీ ఫొటోకీ మధ్య నీడ పట్టండి.