పాత బండికి రేసింగ్ క్యామ్ వేయించే ముందు

పోయిన నెల మాతో పాటు వచ్చిన ఒక పాత 650 సీసీ ట్విన్ (రెండు సిలిండర్ల) బండికి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) విరిగి, కేసింగ్ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలంతా వెనక టైరు మీద పడింది, చక్రం బిగుసుకుపోయింది. నడిపే అబ్బాయి వెంటనే క్లచ్ పట్టేశాడు కాబట్టి భుజం ఎముక విరగడంతో బయటపడ్డాడు. ఇంజిన్ విప్పి చూస్తే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్ అంటే ఇదే) కొత్తది, తళతళలాడుతోంది. రాడ్ బోల్టులు మాత్రం బండితో పాటు పుట్టినవే.

హెల్మెట్, బ్రేకుల సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: కింద క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) విప్పి చూడకుండా క్యామ్ మార్చకండి.

రేసింగ్ క్యామ్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. దాంతో కింది ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) లాగుడు తగ్గి, బలమంతా పైకి జరుగుతుంది. బలం ఎక్కడుంటే చెయ్యి అక్కడికే పోతుంది, బండిని రేజ్ చేస్తాం. 5000 నుంచి 6500కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగేది 30 శాతమే, కానీ రాడ్ మీద పడే లాగుడు దాదాపు 70 శాతం పెరుగుతుంది. పొగ బయటికి నెట్టేసి పిస్టన్ పైన ఆగి వెనక్కి తిరిగే క్షణం చూడండి. అప్పుడు పైనుంచి మంట ఒత్తిడి ఉండదు. పిస్టన్‌ని పట్టి ఆపేది ఆ రాడ్, కింద ఆ రెండు బోల్టులు, అంతే.

మీ బండి హద్దు మీరే లెక్క కట్టుకోవచ్చు. స్ట్రోక్‌ని, అంటే పిస్టన్ కింది నుంచి పైదాకా కదిలే దూరాన్ని, మిల్లీమీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 30,000తో భాగిస్తే, పిస్టన్ సగటు వేగం సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. ట్రయంఫ్ 650 స్ట్రోక్ 82, 6500 దగ్గర 17.8. నార్టన్ కమాండో స్ట్రోక్ 89, 7000 దగ్గర 20.8. బుల్లెట్ 350 స్ట్రోక్ 90, 5000 దగ్గర 15. పాత సామానుతో గంటల తరబడి నడపడానికి 15 దాటొద్దు, ఓవర్‌టేక్ చేసే ఆ కాసేపు 18, అంతకు మించి వద్దు. ఇది నేను పెట్టుకున్న హద్దు. కంపెనీ చెప్పింది ఇంకా తక్కువైతే అదే పాటించండి.

కంపెనీలకే ఇది తప్పలేదు. 1972లో కమాండోకి కంప్రెషన్ 10:1 చేసి, చురుకైన క్యామ్ వేసి కాంబాట్ ఇంజిన్ తెచ్చారు. క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు త్వరగా పోయాయి, సూపర్‌బ్లెండ్ అనే వేరే రకం బేరింగులు పెట్టాల్సి వచ్చింది. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ క్యామే మంచిది.

అయినా మార్చాలనుకుంటే:

రాడ్ బోల్టులు, నట్లు కొత్తవే వేయండి. సాగిన బోల్టు కంటికి దొరకదు.

రాడ్లకి క్రాక్ టెస్ట్ చేయించండి.

క్రాంక్‌లో స్లడ్జ్ ట్రాప్ (ఆయిల్‌లోని మడ్డి చేరే గొట్టం) ఉంటే తీసి కడగండి. అందులో మడ్డి నిండితే బిగ్ ఎండ్‌కి (క్రాంక్‌ని పట్టుకునే రాడ్ కింది చివరకి) ఆయిల్ అందదు.

పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పండి. వాల్వు నొక్కిన చోట క్లేని కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ. కంటే తక్కువుంటే ఆ క్యామ్ వద్దు.

వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనకూడదు.

కొత్త క్యామ్‌తో పాత ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని వాల్వు వైపు నెట్టే ముక్కలు) వద్దు.

మొదటి 20 నిమిషాలు ఐడిలింగ్‌లో వదలొద్దు. 2000 చుట్టుపక్కల ఉంచండి, లేకపోతే క్యామ్‌కి ఆయిల్ చాలదు.

పాత ఆర్‌పీఎం మీటర్‌ని నమ్మొద్దు. వేరే మీటర్‌తో సరిచూడండి.

స్పీడులో ఉండగా రెండు గేర్లు ఒకేసారి దించొద్దు. యాక్సిలరేటర్ మూసి ఉన్నా ఇంజిన్ హద్దు దాటేస్తుంది.

కింద నుంచి టకటక మోత వస్తే అక్కడికక్కడే ఆపండి. ఇంటిదాకా నడిపి చూద్దామనుకోవద్దు.

అమ్మినవాళ్లు "కిందంతా చేయించాం" అంటే రాడ్ బోల్టుల బిల్లు అడగండి. బిల్లు లేకపోతే విప్పండి.