ముసురు పట్టకముందే కుండీ, మట్టి చూసుకోండి

ఎండాకాలంలో పూటపూటకీ నీళ్లు అడిగిన మొక్కే, ముసురు మొదలయ్యాక వారానికి ఒక చెంబు పోసినా కుళ్లిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. మబ్బు పట్టాక కిటికీలోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది, గాలిలో చెమ్మ పెరుగుతుంది. ఆకుల నుంచి ఆవిరి పోవడం తగ్గితే వేర్లు నీళ్లు లాగడమూ తగ్గుతుంది. పైమట్టీ త్వరగా ఆరదు. పోసిన నీళ్లు పోసినట్టే లోపల ఉండిపోతాయి. అప్పుడిక మనం చేయగలిగింది చెంబు పక్కన పెట్టడమే. కుండీ నీళ్లు వదలనిదై, మట్టి బంకబంకగా ఉంటే ఆ పని చేసినా ఫలితం ఉండదు.

కాబట్టి కుండీ గానీ మట్టి గానీ మార్చాలనుకుంటే వానలకు మూడు నాలుగు వారాల ముందే ఆ పని ముగించండి. అప్పటికి మొక్క ఇంకా చురుగ్గా పెరుగుతూ ఉంటుంది. మార్చేటప్పుడు తెగిన వేర్ల చోట కొత్తవి వేసుకోవడానికి దానికి వ్యవధి దొరుకుతుంది. ముసురు మధ్యలో కుండీ మారిస్తే తెగిన వేర్లు తడి మట్టిలోనే పడి ఉంటాయి. కుళ్లు పట్టడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు.

వేర్లు ఊపిరాడక చస్తాయి

వేర్లకు నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోని గాలి నుంచే అది వాటికి అందుతుంది. ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండితే సరఫరా దాదాపు ఆగిపోయినట్టే. గాలిలో కన్నా నీళ్లలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది మరి. ఊపిరాడక నీరసించిన వేర్ల మీద పిథియం, ఫైటాఫ్తొరా లాంటి కుళ్లు తెగుళ్లు పడతాయి. వీటి బీజాలకు తోకల్లాంటివి ఉంటాయి, నీళ్లు నిలిచిన మట్టిలో అవి ఈదుకుంటూ వేరు దాకా వెళ్లగలవు. మట్టి ఆరితే వాటికి దారి మూసుకుపోతుంది.

చాలామందిని బోల్తా కొట్టించే సంగతి ఇంకోటుంది. వేర్లు కుళ్లిన మొక్క కూడా నీళ్లు లేని మొక్కలాగే తల వాల్చేస్తుంది. కుండీ నిండా నీళ్లున్నా తాగడానికి వేర్లు మిగల్లేదు కాబట్టి. చూసినవాళ్లు "అయ్యో, ఎండిపోయింది" అని ఇంకో చెంబు పోస్తారు. మొక్క వాడిందంటే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, తర్వాతే చెంబు అందుకోండి.

చిల్లు లేని కుండీ వద్దు

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ఎంత ముచ్చటైన కుండీ అయినా అడుగున చిల్లు లేకపోతే అందులో నేరుగా మొక్క నాటకండి. అడుగున బొగ్గు ముక్కలు పరిస్తే సరిపోతుందని కొందరు అంటారు. బొగ్గు నీళ్లను మాయం చేయదు, అవి ఆ ముక్కల మధ్యే కూర్చుంటాయి. ప్లాస్టిక్ కుండీ అయితే కాల్చిన మేకుతో చిల్లులు పెట్టుకోవచ్చు. పింగాణీకి డైమండ్ బిట్ ఉన్న డ్రిల్ కావాలి, నీళ్లు చల్లుతూ నెమ్మదిగా తిప్పాలి. అంత శ్రమ ఎందుకనుకుంటే మొక్కను చిల్లులున్న మామూలు ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని ఈ అందమైన దాంట్లో దింపండి. లోపలి కుండీ కింద రెండు మూడు పెంకులు పెట్టి కాస్త ఎత్తులో నిలపండి. నీళ్లు పోసిన అరగంటకు బయటికి తీసి, అడుగున చేరినవి ఒంపేయండి. ఒంపడం మరిచిపోతారన్న అనుమానముంటే పెట్టకపోవడమే మేలు.

చిల్లు మీద పెంకు ముక్క బోర్లా పెట్టడం పాత అలవాటు. మట్టి జారిపోకుండా ఆపుతుంది, అంతవరకు మంచిదే. చిన్న జాలీ ముక్క వేసినా చాలు. ఇక అడుగున మూడు అంగుళాల మందాన గులకరాళ్లు నింపితే నీళ్లు బాగా దిగుతాయన్న నమ్మకం ఉందే, అది మాత్రం తప్పు.

ఇందుకు పరీక్ష మీ వంటింటి గట్టు మీదే ఉంది. గిన్నెలు తోమే స్పాంజిని బాగా తడిపి రెండు అరచేతుల మీద పడుకోబెట్టండి. నీళ్లు కారీ కారీ ఆగిపోతాయి. ఇప్పుడు దాన్ని పొడుగ్గా నిలబెట్టండి, ఇంకొన్ని నీళ్లు కారతాయి. స్పాంజీ అదే, అందులోని నీళ్లూ అవే, మారింది ఎత్తు ఒక్కటే. కుండీలో జరిగేదీ ఇదే. నీళ్లు దిగిపోయాక కూడా అడుగున కొంత మందాన మట్టి పూర్తిగా తడిసి ఉంటుంది. ఆ తడి పొర మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తుతో దానికి సంబంధం లేదు. సన్నటి మట్టిలో ఎక్కువ, ముతక మిశ్రమంలో తక్కువ. సన్నటి మట్టిలోంచి నీళ్లు గులకరాళ్ల మధ్య ఉన్న పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగవు. పైన మట్టి పూర్తిగా నానాకే దిగుతాయి. అంటే రాళ్లు వేస్తే తడి పొర పోకపోగా వేర్లకు ఇంకాస్త దగ్గరికి లేస్తుంది.

దీన్నుంచి పనికొచ్చే విషయాలు రెండు తేలతాయి. ఒకటి, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే కుండీలో తడి పొర వాటా ఎక్కువ. త్వరగా కుళ్లే మొక్కకు అలాంటి కుండీ తీసుకుంటే మిశ్రమం బాగా ముతకగా ఉండాలి. రెండోది, నీళ్లు పోశాక కుండీని జాగ్రత్తగా పక్కకు వాల్చి ఒక నిమిషం అలాగే పట్టుకుంటే, స్పాంజీ నిలబెట్టినప్పుడు జరిగినట్టే మరికొన్ని నీళ్లు కారిపోతాయి. ముసురులో చిన్న కుండీలకు నేను చెప్పే మొదటి చిట్కా ఇదే. కాణీ ఖర్చు లేదు.

సైజు దగ్గర జరిగే పొరపాటు

"మొక్క పెద్దదవుతుంది కదా, ఇప్పుడే పెద్ద కుండీలో వేస్తే పోలా" అనుకుంటాం. నాలుగు అంగుళాల కుండీలోని మొక్కను ఎనిమిది అంగుళాల దానికి మారిస్తే వెడల్పు రెట్టింపైనట్టే కనిపిస్తుంది. ఎత్తు కూడా అదే లెక్కన పెరిగితే లోపల పట్టే మట్టి ఎనిమిది రెట్లు. వేర్లు మాత్రం పిడికెడే. మిగతా మట్టిలోని నీళ్లు తాగేవాళ్లు ఎవరూ ఉండరు, రోజుల తరబడి అది తడిగానే ఉంటుంది. పాత కుండీ కన్నా ఒకటి, మహా అయితే రెండు అంగుళాలు ఎక్కువ వెడల్పున్నది తీసుకోండి. వేర్లు కుండీ గోడల వెంట చుట్టుకోకపోతే అసలు మార్చనే అక్కర్లేదు.

కుండీ దేనితో చేసింది అన్నది మీరు నీళ్లు పోసే అలవాటును బట్టి తేల్చుకోవాలి. కాల్చిన మట్టి కుండీ గోడల్లోంచి కూడా తడి ఆవిరవుతుంది. బయట తెల్లటి పొడిలా పేరుకునేది ఆ దారిన వచ్చిన నీళ్లలోని లవణాలే, దానికి కంగారు పడక్కర్లేదు. ప్లాస్టిక్, గ్లేజు పూసిన పింగాణీ, లోహం ఇవేవీ తడిని గోడల్లోంచి వదలవు. రోజూ ఏదో ఒకటి పోయకపోతే తోచని చేతికి మట్టి కుండీ కాపలా కాస్తుంది. మట్టి కుండీకి రంగు వేయిస్తే మాత్రం ఆ గుణం చాలావరకు పోతుంది, అందంగా ఉంటుందని చుట్టూ పెయింట్ కొట్టించకండి. నీళ్లు పోయడం మరిచిపోయేవాళ్లకు, తడి కోరే ఫెర్న్‌లకు ప్లాస్టిక్కే నయం.

కుండీ అడుగు నేలకు అతుక్కుంటే చిల్లు ఉన్నా మూసుకున్నట్టే. మూడు పెంకులో టైల్ ముక్కలో పెట్టి నేల నుంచి లేపండి. వాన పడే చోట ఉన్న కుండీల కింద సాసర్లు ఈ కాలమంతా తీసేయడమే మంచిది.

మట్టి ఎలా ఉండాలి

పెరట్లో తవ్విన మట్టి నేలలో బాగానే పని చేస్తుంది. అక్కడ వానపాములుంటాయి, కింద లోతు ఉంటుంది. అదే మట్టి కుండీలో పడ్డాక నాలుగు తడులకే గట్టిపడి గాలి ఆడకుండా తయారవుతుంది. ఇంట్లో పెంచే మొక్కకు తేలికైన మిశ్రమమే వాడండి.

మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్ లాంటి ఆకు మొక్కలకు రెండు మగ్గుల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక మగ్గు పెర్లైట్ (తెల్లటి, తేలికైన రాతి గుళికలు), ఒక మగ్గు బాగా మాగిన వర్మీకంపోస్ట్ మంచి మొదలు. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ (ZZ), కలబంద లాంటివి నీళ్లను తమలోనే దాచుకుంటాయి. వాటికి మిశ్రమంలో సగానికి పైగా పెర్లైట్, ప్యూమిస్, ముతక ఇసుక లాంటి రాతి పదార్థమే ఉండాలి. చెట్టు బెరళ్లను పట్టుకుని పెరిగే ఆర్కిడ్‌లకు మట్టి అసలే వద్దు, బెరడు ముక్కలు చాలు. పెర్లైట్ కలిపే ముందు కాస్త నీళ్లు చిలకరించండి, పొడిగా కలిపితే దాని దుమ్ము ముక్కులోకి పోతుంది.

ఇసుక దగ్గర ఒక మెలిక ఉంది. గోడల ప్లాస్టరింగుకు వాడే సన్నటి ఇసుక కలిపితే అది మట్టి ఖాళీల్లో దూరి మరింత బిగదీస్తుంది. రేణువులు కంటికి విడివిడిగా కనిపించే ముతకది తీసుకుని, బాగా కడిగి దుమ్ము పోయాకే కలపండి. వర్మిక్యులైట్, పెర్లైట్ ఒకటే అనుకుని ఒకదానికి బదులు ఇంకొకటి కొనేవాళ్లున్నారు. మెరుస్తూ పొరలుపొరలుగా ఉండే వర్మిక్యులైట్ నీళ్లు పట్టి ఉంచే సరుకు. మనకు కావాల్సిన పనికి సరిగ్గా ఎదురు.

కోకోపీట్ ఒక్కదాంట్లోనే నాటడం కూడా ముసురులో ప్రమాదమే. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది. పైగా పైన లేత గోధుమ రంగులో ఎండినట్టు కనిపిస్తూ రెండంగుళాల కింద నానుతూ ఉంటుంది. కంటిని నమ్మకుండా సన్నటి కర్రపుల్లను అడుగు దాకా గుచ్చి అయిదు నిమిషాల తర్వాత తీసి చూడండి. తడితో నల్లబడి, మట్టి అంటుకుని వస్తే ఇంకా ఆగొచ్చు. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, రెండు రోజులకు ఇంకోసారి కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటైతే పుల్ల కూడా అక్కర్లేదు.

మిశ్రమం కలిపాక నాటే ముందే పరీక్షించండి. చెమ్మగా ఉన్న గుప్పెడు తీసుకుని గట్టిగా పిసకండి. ముద్దయినా వేలితో తాకగానే విడిపోవాలి. చేతికి జిగురుగా అంటి, లడ్డూలా గట్టిగా నిలిస్తే ఇంకొంచెం పెర్లైట్ పడాల్సిందే. తర్వాత కుండీ నింపి నీళ్లు పోయండి. పైన మడుగు కట్టకుండా కొద్ది సెకన్లలోనే ఇంకి, అడుగు నుంచి ధారగా రావాలి.

కొని తెచ్చిన మొక్క వేర్ల చుట్టూ కొన్నిసార్లు బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే తేలిక మిశ్రమంలో దింపితే చుట్టూ ఆరినా నడిమధ్యన అది తడిగానే ఉండిపోతుంది. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, వేర్లు తెగకుండా వేళ్లతో మెల్లగా విడదీసి మట్టి వదిలించండి. కోకోపీట్, కంపోస్టు కాలం గడిచేకొద్దీ చివికి మెత్తబడతాయి. ఏడాది రెండేళ్లు దాటిన మిశ్రమం ఎంత మంచిదైనా ఈ సీజనుకు ముందే మార్చాలి.

అప్పటికే కుళ్లు మొదలైతే

కింది ఆకులు పసుపు తిరిగి మెత్తగా అవుతుంటే, మట్టి నుంచి మురుగు వాసన వస్తుంటే, కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు ఎగురుతుంటే ఆలస్యం చేయకండి. మొక్కను బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు సాధారణంగా లేత రంగులో, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగుకు తిరిగి, లాగితే పై తొక్క ఊడి లోపలి దారం చేతికొస్తుంది. అలాంటివన్నీ 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచిన కత్తెరతో కోసేయండి. పాత మట్టిని ఇంకో కుండీలో వాడకండి. వేర్లు తగ్గాయి కాబట్టి ఈసారి కుండీ పాతదానికన్నా చిన్నదే కావాలి, మిశ్రమం ముతకగా ఉండాలి. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వేయకండి.