బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక చుట్టాలింట్లో భోజనం: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

బరువు తగ్గడానికి ఎక్కువగా చేసే ఆపరేషన్లు రెండు: స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో పొట్టలో 75–80 శాతం తీసేస్తారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలుపుతారు. తిండి ముందుగా చేరే ఆ సంచి మొదట్లో సుమారు 30 మిల్లీలీటర్లే ఉంటుంది. ఇంట్లో దానికి తగ్గట్టు నిదానంగా తింటాం. పదిమందితో కలిసి కూర్చుంటే మాత్రం మనకు తెలియకుండానే వాళ్ల వేగం మనకూ వచ్చేస్తుంది. విందులో వచ్చే ఇబ్బందులకు వంటకాల కంటే ఈ వేగమే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక్కడ రాసేది మామూలు తిండికి వచ్చినవాళ్ల కోసం. ఇంకా ద్రవాలు, మెత్తటి ఆహారం దశలో ఉంటే విందులో ప్రయోగాలు వద్దే వద్దు.

రెండు ముద్దలకే ఛాతీలో పట్టేసింది, నోట్లో నురగలా నీళ్లూరుతున్నాయి

సరిగా నమలని ముద్ద ఇరుక్కుంది. ఎక్కువగా ఇరుక్కునేవి ఎండుగా ఉన్న మాంసం, బ్రెడ్. ఎవరో ఏదో అడుగుతారు, జవాబు చెప్పే తొందరలో సగం నమిలింది మింగేస్తాం.

వెంటనే తినడం ఆపండి. కిందికి దిగుతుందని నీళ్లు తాగకండి, నొప్పి పెరుగుతుంది. లేచి కాసేపు నడవండి. వాంతి అయి తేలికపడ్డా మళ్లీ పళ్లెం ముందు కూర్చోవద్దు, ఆ పూటకు ద్రవాలే. ఈసారి ముద్ద చిన్నది చేసి 20–30 సార్లు నమలండి. మింగాకే మాట్లాడండి, భోజనానికి 20–30 నిమిషాలు ఇవ్వండి. గంటలు గడిచినా నీళ్లు కూడా దిగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. రోజుల తరబడి వాంతులవుతుంటే బి1 విటమిన్ తగ్గి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

తిన్న కాసేపటికే గుండె దడ, చెమటలు, కడుపులో మెలి

దీన్ని డంపింగ్ అంటారు. తీపి పదార్థం పేగుల్లోకి ఒక్కసారిగా దిగిపోతే 10–30 నిమిషాల్లో మొదలవుతుంది. బైపాస్ వాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లకూ రావచ్చు. పడుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే ముందు ప్రోటీన్ తినాలి, తీపి పానీయాల జోలికి పోకూడదు, భోజనానికీ నీళ్లకూ మధ్య అరగంట ఎడం ఉంచాలి.

ఇంకో రకం 1–3 గంటల తర్వాత వస్తుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, ఉన్నట్టుండి ఆకలేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై షుగర్ పడిపోవడమే కారణం. కొలిస్తే 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ కొలవండి. కుదుటపడ్డాక కొంచెం ప్రోటీన్ తినండి. ఆ స్థితిలో బండి నడపకూడదు. తరచుగా వస్తుంటే, ముఖ్యంగా షుగర్ మందులు వాడేవాళ్లు, డాక్టర్‌కు చెప్పి తీరాలి.

"ఒక్క ముద్దేగా, ఏం కాదులే!"

అన్నిటికంటే కష్టమైనది ఇదే. "నా వంట నచ్చలేదా?", "ఇలా చిక్కిపోయావేంటమ్మా?" అనేవాళ్లకు మనమీద కోపం లేదు. తినిపించడమే వాళ్లకు తెలిసిన ప్రేమ. మనం వద్దంటే ఆ ప్రేమనే కాదన్నట్టు వాళ్లకు అనిపిస్తుంది. కాబట్టి వంటను మెచ్చుకోండి, తినడం మాత్రం మీ లెక్క ప్రకారమే.

వడ్డించే సమయంలో వాదించడం కంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పడం మేలు. ఆపరేషన్ సంగతి అందరికీ చెప్పాల్సిన పని లేదు. "డాక్టర్ కొద్దికొద్దిగా తినమన్నారు అత్తా" అంటే చాలు, అందులో అబద్ధం లేదు. చిన్న పళ్లెం తీసుకోండి, చివర్లో రెండు ముద్దలు అందులోనే ఉంచండి. పళ్లెం ఖాళీగా కనబడిందా, గరిటె వచ్చేస్తుంది. అది వచ్చేలోపే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇది రేపటికి కట్టివ్వు పిన్నీ, నిదానంగా తింటాను" అనండి. ఒట్టి "వద్దు"కు నొచ్చుకునే మనిషి ఈ మాటకు సంతోషంగా డబ్బా వెతుకుతుంది. విషయం తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

పిలిచేవాళ్లకూ ఒక విన్నపం: దయచేసి వాళ్ల పళ్లెం గురించి పదిమందిలో మాట్లాడకండి.

"ఏమీ తినలేదు", అయినా బరువు తగ్గడం ఆగింది

కూర్చుని తిన్నది కొంచెమే, వంటగదికీ హాలుకీ తిరుగుతూ నోట్లో వేసుకున్నది లెక్కలోకి రాలేదు. కరకరలాడేవి పొట్టలో ఎక్కువసేపు నిలవవు, కాబట్టి కడుపు నిండిన సంగతీ తెలియదు. కూర్చున్నప్పుడే తినాలని నియమం పెట్టుకోండి. ఆకలితో మాత్రం వెళ్లకండి.

మద్యం, నొప్పి మాత్రలు

ఆపరేషన్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ పెరుగుతుంది. మానేయడమే క్షేమం. తలనొప్పి అంటే ఎవరో సంచిలోంచి తీసిచ్చే మాత్రలతోనూ జాగ్రత్త. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ వాళ్లకు పుండ్లు తెస్తాయి.

తగ్గని కడుపునొప్పి

బైపాస్ అయిన ఏళ్ల తర్వాత కూడా లోపల పేగు మెలిపడవచ్చు. తీవ్రమైన నొప్పిని విందు తిన్న అజీర్తి అనుకుని తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, మీకు జరిగింది ఏ ఆపరేషనో ముందుగా చెప్పండి.