ఆషాఢంలో కెమెరా బ్యాగులో ఉండకూడదు

జ్యేష్ఠమాసం పెళ్లిళ్ల కోసమని మాకు తెలిసిన కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్‌లో 70-200 జూమ్ లెన్స్ కొన్నాడు. కాకినాడలో కొత్తగా ఫొటోలు మొదలుపెట్టినవాడు, అప్పు చేసి మరీ తెచ్చుకున్నాడు. ఎక్కడా గీత లేదు, రబ్బరు అరగలేదు, పెట్టె కూడా ఉంది. అమ్మినాయన గొప్పగా చెప్పిన మాట ఒకటుంది: "రెండేళ్లుగా బ్యాగులోంచి తీయలేదు తమ్ముడూ, కొత్తదే అనుకో." మొదటి పెళ్లిలోనే తేలిపోయింది. మండపం వెనక లైట్లు ఫ్రేములోకి వచ్చిన ప్రతి ఫొటో తెల్లగా పాలిపోయింది. వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సన్నని దారాల్లా ఫంగస్. మెకానిక్ విప్పి శుభ్రం చేశాడు. ఫంగస్ పోయింది గానీ, అది తినేసిన కోటింగ్, అంటే వెలుతురు చెదరకుండా గాజుకు వేసే పూత, తిరిగి రాదని చెప్పి పంపించాడు.

అందరూ ఆ కుర్రాడు మోసపోయాడని అంటున్నారు. నాకైతే అమ్మినాయన అబద్ధం ఆడినట్టు అనిపించలేదు. భద్రంగా దాచాననే ఆయన నిజంగా అనుకున్నాడు. ఆ భద్రతే లెన్స్‌ను తినేసింది.

కాలం ఎలా కుదిరిందో చూడండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. తొలకరి దాటి ముసురు పట్టేదీ అప్పుడే. గాలిలో తేమ బాగా పెరిగే వారాల్లోనే కెమెరాలకు సెలవు దొరుకుతుంది. ఎండాకాలమంతా చెమటతో, మధ్యలో ఒకటి రెండు వానజల్లులతో తడిసిన బ్యాగులోనే కెమెరా సర్ది, జిప్పు లాగి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. శ్రావణం మొదటి ముహూర్తానికి తీస్తారు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, అక్కడివాళ్లు దీన్ని కార్తీకానికి జరుపుకుని చదువుకోండి. హైదరాబాద్‌ది పొడి వాతావరణం అనే ధీమా కూడా వద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా గోడలు చెమర్చే ఇళ్లున్నాయి.

కింద పడేయకండి, వానలో తడపకండి లాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు. అవి వదిలేస్తున్నాను.

కొనేముందు

తక్కువ డబ్బుతో కొనేవాళ్లు కెమెరా బాడీ చుట్టూ తిరుగుతారు, లెన్స్‌ను పైపైన చూసి వదిలేస్తారు. ముందు లెన్స్‌నే చూడాలి. లెన్స్ రెండు మూతలూ తీసి, అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి కొంచెం ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే పట్టించుకోకండి, అవి ఫొటోలో కనపడవు. దారాలు, కొమ్మలు, అంచు నుంచి మధ్యకు పాకే మరక కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. గాజు అంతటా పలుచని మసక ఉన్నా అంతే. తర్వాత ఒక లైటుకు ఎదురుగా ఫొటో తీసి చూడండి. నీడలో ఫొటో తీసి బాగుందనుకుంటే పాడైన లెన్స్ కూడా పాసైపోతుంది.

"వాడలేదండీ, బ్యాగులోనే ఉంది" అన్న మాట వినపడితే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ చూడండి. రోజూ వాడి, పెయింట్ అరిగి, చూడ్డానికి ముసలిదైపోయిన లెన్స్‌లో గాజు శుభ్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. బీరువాలో నిద్రపోయిన మెరుపు లెన్స్ కంటే గీతలు పడిన పాత లెన్సే నాకు నమ్మకం.

డిజిటల్ బాడీ విషయంలో షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు పడ్డాయో, అడుగుతారు, మంచిదే. మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్‌ల షట్టర్లు సుమారు 1,00,000 క్లిక్కుల లెక్కతో చేసినవి. నికాన్‌లో అయితే ఫొటో ఫైల్‌లోనే ఆ సంఖ్య దొరుకుతుంది. చాలా కానన్ బాడీల ఫైళ్లలో ఉండదు. కానీ నేను ఎక్కువగా చూసే తప్పు వేరు. చవగ్గా వచ్చిందని నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 డి లెన్స్ కొని డి3400 లాంటి బాడీకి పెడతారు. డి3000, డి5000 వరస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, ఆ లెన్స్‌లోనూ ఉండదు. ఇక ఫోకస్ చేత్తో తిప్పుకోవడమే. ఆ బాడీలకు ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న, మోటారు తనలోనే ఉన్న లెన్స్ కొనుక్కోండి.

ఫిల్మ్ కెమెరా కావాలనుకునేవాళ్లకు బ్యాటరీ లేకున్నా షట్టర్ పడే పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం10 లాంటివి మేలు. బ్యాటరీ వెలుతురు కొలిచే లైట్ మీటర్‌కు మాత్రమే. కె1000కి మీటర్ ఆపే స్విచ్ లేదు, లెన్స్ మూత పెడితేనే సెల్లు మిగులుతుంది. వెనక తలుపు తెరిచి అంచుల్లో ఉన్న స్పాంజి వేలితో తాకండి. జిగురుగా, తారులా అంటుకుంటే లోపలికి వెలుతురు కారుతుంది. అది మార్చడం ఇంట్లో కూడా అయ్యే పనే, కాబట్టి ధర తగ్గించి అడగండి, కెమెరా వదులుకోకండి. పాత మెర్క్యురీ సెల్లుతో నడిచేది అయితే ముందే తెలుసుకోండి. ఆ 1.35 వోల్టుల సెల్లులు ఇప్పుడు తయారు కావు. 1.5 వోల్టులది పెడితే చాలా మోడళ్లలో మీటర్ లెక్క తప్పుతుంది. నాన్నగారి బీరువాలో దొరికిన యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ-10 లాంటివైతే మొదట సెల్లుల గది తెరవండి. లోపల తెల్లగా, ఆకుపచ్చగా పేరుకుని ఉంటే ఎవరో సెల్లులు తీయకుండా దాచారన్నమాట. మళ్లీ బీరువానే, మళ్లీ భద్రమే.

దాచేటప్పుడు

ఫంగస్‌కు కావలసినవి మూడు: 60 శాతం దాటిన తేమ, చీకటి, కదలని గాలి. తినడానికి లెన్స్ మీద వేలిముద్రలో ఉన్న నూనె చాలు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఆపలేం, తేమను ఆపగలం. స్పాంజి, గుడ్డ పొరలున్న కెమెరా బ్యాగు తేమను పీల్చుకుని పట్టుకుంటుంది. పాత కెమెరాలతో వచ్చే తోలు కవరు ఇంకా ఘోరం. బూజుకు తోలే తిండి. అంచేత బ్యాగు మోయడానికి మాత్రమే. ఇంటికి రాగానే కెమెరా బయటికి రావాలి, బ్యాగు తెరిచి ఫ్యాను కింద ఆరాలి.

తేమను తగ్గించి ఉంచే ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్‌కు వేల రూపాయలు పోయక్కర్లేదు. మూతకు రబ్బరు రింగు, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా వంటసామాను కొట్లో దొరుకుతుంది. అందులో తేమ పీల్చే సిలికా జెల్ ఓ పావుకిలో గుడ్డ సంచిలో కట్టి వేయండి. కొన్ని వందల్లో దొరికే చిన్న తేమ మీటర్ ఒకటి లోపల బయటికి కనపడేట్టు పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. 30 కిందికి దించకండి, పాత కెమెరాల పైతోలు ఎండి పగులుతుంది. మీటర్ లేకుండా డబ్బా మాత్రమే పెట్టుకునేవాళ్లున్నారు. సిలికా జెల్ నిండిపోయాక అది బ్యాగు కంటే అన్యాయం, తేమనంతా లోపలే బిగించి ఉంచుతుంది.

చెప్పుల పెట్టెలో వచ్చిన పొట్లాలు దాచి వేయకండి. అవి మీ దగ్గరికి వచ్చేసరికే తేమ తాగేసి ఉంటాయి. రంగు మారే రకం కొనండి, నీలం కాకుండా నారింజ రంగుది. నీలానికి వాడే కోబాల్ట్ క్లోరైడ్ ఒంటికి మంచిది కాదు. రంగు మారాక పాత మూకుడులో సన్నసెగ మీద, మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక వేయండి. ఆ మూకుడు వంటకు వాడొద్దు.

పాతకాలం స్టూడియోల్లో కెమెరా అల్మారాలో చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. చాలామంది అది చీకటి పోవడానికి అనుకుంటారు. పని చేసింది దాని వేడి. గాలి కాస్త వెచ్చబడితే తేమ శాతం తగ్గుతుంది. ఇప్పుడు అదే చోట ఎల్ఈడీ పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. దానికి వెలుగే తప్ప చెప్పుకోదగ్గ వేడి ఉండదు.

డబ్బా కొనడానికీ డబ్బులు లేవా? కెమెరాను టేబుల్ మీద, మెత్తటి పలుచని గుడ్డ కప్పి, ఫ్యాను తిరిగే గదిలో ఉంచండి. దుమ్ము పడుతుంది, తుడుచుకోవచ్చు. ఫంగస్‌ను తుడుచుకోలేరు. బ్యాగులో మాత్రం వద్దు.

మిగిలినవి వరసగా

– సెల్లులు, బ్యాటరీ తీసి విడిగా పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కి లోపలికి తోయకండి, పారేయండి.

– వారానికోసారి కెమెరా బయటికి తీసి ఓ పదిసార్లు క్లిక్ చేయండి. ఫోకస్ రింగు, జూమ్ రింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఫిల్మ్ కెమెరా అయితే నెమ్మది స్పీడులు తప్పకుండా. ముందు బిగుసుకుపోయేవి అవే.

– షట్టర్ ఎక్కించి (లీవర్ లాగి క్లిక్‌కు సిద్ధం చేసి) దాచొద్దు.

– జోర్కి లాంటి పాత రష్యన్ కెమెరాల్లో ముందు షట్టర్ ఎక్కించాలి, తర్వాతే స్పీడు మార్చాలి. తిరగేస్తే లోపల విరుగుతుంది.

– కలరా ఉండలు కెమెరా దగ్గర వద్దు. ఆ ఆవిరి గాజు మీద పేరుకుంటుంది, ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది.

– ఏసీ గదిలోంచి నేరుగా వానగాలిలోకి తీసుకెళ్తే గాజు మీద, కొన్నిసార్లు లోపల కూడా నీరు పడుతుంది. పెళ్లికూతురి గది నుంచి మండపానికి వెళ్లే ముందు కెమెరాను జిప్పు కవరులో పెట్టి, బయట ఓ 20 నిమిషాలు ఉంచి అప్పుడు తీయండి. ఈ లోగా మూత తీసి తుడవడం మొదలుపెట్టొద్దు.

– తడిసిందా, ఆన్ చేయకండి. పనిచేస్తోందో లేదో చూద్దామనే ఆ ఒక్క నొక్కుడే బోర్డును కాలుస్తుంది. బ్యాటరీ తీయండి, కార్డు తీయండి, తుడవండి, ఫ్యాను కింద పెట్టండి. బియ్యం డబ్బాలో పూడ్చొద్దు, పిండి లోపలికి పోతుంది. హెయిర్ డ్రయర్ వద్దు.

– తడిసిన కెమెరాను "తర్వాత చూద్దాం" అని బ్యాగులో పెట్టారంటే ఇక చెప్పేదేం లేదు.

– సెన్సార్ మీద, లెన్స్ తీస్తే లోపల కనిపించే అద్దం మీద నోటితో ఊదొద్దు. తుంపర పడుతుంది. చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్ వాడండి. అద్దాన్ని గుడ్డతో తాకొద్దు, దాని మెరిసే పూత పైనే ఉంటుంది.

– ఫిల్మ్ కెమెరా షట్టర్ తెరను వేలితో తాకొద్దు. గుడ్డ షట్టరున్న, లోపల అద్దం లేని రేంజ్‌ఫైండర్‌ను మూత లేకుండా ఎండకు ఎదురుగా పెట్టొద్దు, కాలి చిల్లు పడుతుంది.

– బరాత్‌లో డీజే లేజర్ లైట్లు లెన్స్‌లోకి సూటిగా పడే చోట నిలబడొద్దు. సెన్సార్ మీద గీత పడితే అది ప్రతి ఫొటోలో ఉంటుంది.

– వినాయక నిమజ్జనంలో లెన్స్ మార్చొద్దు. ఒక లెన్స్‌తో వెళ్లండి, అదే వాడండి, అదే తెచ్చుకోండి. గులాల్, వాన రెండూ కలిస్తే ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

– బీచ్ నుంచి వచ్చాక పొడిగుడ్డతో రుద్దొద్దు, ఇసుక గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత కాస్త తడిచేసిన గుడ్డతో ఉప్పు తుడవండి, తర్వాత ఆరబెట్టండి.

– ఫిల్మ్ రోల్ ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే డబ్బా మూత తెరవొద్దు. కొన్ని గంటలు బయట ఉంచండి. ఫొటోలు తీసేసిన రోల్‌ను వానాకాలమంతా అట్టిపెట్టుకోకుండా డెవలప్‌కు పంపండి.

– సినిమా ఫిల్మ్ ముక్కలు చుట్టి చవగ్గా అమ్మే రోల్ అయితే ల్యాబ్‌కు ముందే చెప్పండి. వెనక నల్లపొర ఉన్న రకమైతే మామూలు మెషీన్‌లో వేస్తే మీ రోల్‌తో పాటు మిగతావాళ్లవీ పాడవుతాయి.

– విమానంలో ఫిల్మ్‌ను చెక్-ఇన్ సామానులో వేయొద్దు. చేతిసంచిలో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని అడగండి.

– బూజు పట్టిన పాత నెగటివ్‌లను నీళ్లతో కడగొద్దు. బూజు తిన్న జిలాటిన్ నీళ్లలో కరిగిపోతుంది. అమ్మానాన్నల పెళ్లి ఫొటో కళ్లముందే పోతుంది.

– ఫ్లాష్ ఉన్న చిన్న కెమెరాను ఇంట్లో విప్పొద్దు. సెల్లులు తీసినా లోపలి కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉండొచ్చు. వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునే పిల్లలకు ముందు ఈ మాట చెప్పండి.

– లెన్స్ విప్పి కొబ్బరినూనె, వైట్నర్, పెట్రోల్ రాయొద్దు. ఇవన్నీ రాసి తెచ్చినవాళ్లున్నారు.

– సర్వీసుకు ఇవ్వాలనుకుంటే ఆషాఢం మొదట్లోనే ఇవ్వండి, మెకానిక్కులు అప్పుడు ఖాళీగా ఉంటారు. కార్డు, బ్యాటరీ మీ దగ్గరే ఉంచుకోండి. బాడీ, లెన్స్ సీరియల్ నంబర్లు ఫోన్‌తో ఫొటో తీసి, రసీదు మీద కూడా రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు కొట్లోనే టార్చి వేసి చూడండి, డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.