కారు బ్యాటరీ మార్చేటప్పుడు ముందు మైనస్ వైరే విప్పండి
కారు బ్యాటరీ ఇంట్లోనే మార్చుకోవచ్చు, చాలా కార్లకి 10 ఎంఎం స్పానర్ ఒక్కటి చాలు. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, ముందు మైనస్ వైరు విప్పండి. ఆ తర్వాతే ప్లస్. ఈ వరస తప్పొద్దు. కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది కాబట్టి, ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వలు లేస్తాయి, స్పానర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి.

బిగించేటప్పుడు తిరగేసి: ముందు ప్లస్, చివర మైనస్.

వైర్ల చివర బ్యాటరీని పట్టుకునే క్లాంపుల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా నీళ్లతో బ్రష్‌తో రుద్ది, బాగా ఆరబెట్టండి. చాలామంది ఇదే వదిలేస్తారు, కొత్త బ్యాటరీ వేసినా స్టార్టింగ్ ట్రబుల్ పోదు. కొనేముందు ప్లస్ ఏ వైపుందో కూడా చూసుకోండి, అటూ ఇటూ అయితే వైరు అందదు.