షెడ్డులో నిలిచిపోయిన పద్మినిని మళ్లీ రోడ్డెక్కించాలంటే

ఏళ్ల తరబడి కదలని ప్రీమియర్ పద్మిని కారు కనబడగానే అందరూ చేసే పని ఒకటే: కొత్త బ్యాటరీ తెచ్చి తాళం తిప్పడం. మంచి ఇంజన్లు పాడయ్యేది అక్కడే. సిలిండర్ గోడకు అతుక్కుపోయిన పిస్టన్ రింగులు సెల్ఫ్ ధాటికి విరుగుతాయి, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డంతా కార్బ్యురేటర్‌లోకి చేరుతుంది. స్టార్ట్ చేయడం చిట్టచివరి పని.

ఆర్సీలో ఫియట్ 1100 అని ఉన్నా, 1972లో మారిన పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్ అని ఉన్నా, 1974 నుంచి వచ్చిన పద్మిని అని ఉన్నా, పెట్రోలు బండైతే లోపలున్నది ఆ 1089 సీసీ ఇంజనే. కింద చెప్పేది అన్నిటికీ పనికొస్తుంది.

ముందు స్పార్క్ ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదేసి, నాలుగూ ఊడదీయండి. ఒక్కో సిలిండర్‌లో రెండు టీస్పూన్ల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. బిగుసుకుపోతే పానాకు పైపు తొడిగి బలం చూపించొద్దు. ఈసారి డీజిలూ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిలూ సగం సగం కలిపి పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా పట్టకుండా తిరిగితే పాత ఆయిల్ దించేసి, ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ పోయండి. మొదట రెండున్నర లీటర్లు, ఆ తర్వాత డిప్‌స్టిక్ చూసుకుంటూ కొద్దికొద్దిగా.

ఇక పెట్రోలు సంగతి. పాత పెట్రోలు ఆవిరై చివరికి బంక మిగులుతుంది, వార్నిష్ వాసన కొడుతుంది. ట్యాంకు దించి ఖాళీ చేయాల్సిందే. తుప్పు పొట్టు రాలడానికి లోపల గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపండి. తర్వాత సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు నింపి ఒక రోజు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. ఆలస్యమైతే గంటల్లోనే కొత్త తుప్పు ఎక్కుతుంది. ట్యాంకుకు చిల్లుంటే ‘ఖాళీయే కదా’ అని వెల్డింగ్‌కు ఇవ్వొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి తయారైన రోజుల్లో ఆ ఊసే లేదు. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. పెట్రోలు పంపులో ఉండే రబ్బరు పొర, డయాఫ్రమ్ కూడా అంతే. అందుకే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న రబ్బరంతా మార్చండి. పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండేది అడగండి, అది ఇథనాల్‌కు తట్టుకుంటుంది. మీటరుకు నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, వేడి ఇంజన్ పక్కన పెట్రోలు కారడంతో చెలగాటం వద్దు.

అంతకంటే జాగ్రత్త పడాల్సింది ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల దగ్గర. 1971 మోడల్‌గా అమెరికాలో వచ్చిన షెవర్లే వేగాకు బ్లాకే అల్యూమినియం, సిలిండర్లకు ఇనుప లైనర్లు కూడా లేవు. వేడెక్కితే ఇంజన్ మొత్తానికే ఎసరు. మన బండిది తిరగేసిన లెక్క: బ్లాకు పోత ఇనుము, దాని మీద మూతలా కూర్చునే హెడ్ అల్యూమినియం. రెండూ వేడికి ఒకేలా సాగవు. ఒక్కసారి బాగా కాగిందంటే హెడ్ వంగి, రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. అదృష్టం ఏమిటంటే, ఆ వంపు ఎక్కువగా లేకపోతే ఆటోనగర్‌లో హెడ్ ఫేసింగ్ (అడుగును మెషీన్ మీద చదును చేయడం) చేయించుకుని బయటపడొచ్చు.

బెజవాడ ఎండలకు భయపడి చాలామంది మెకానిక్‌లు థర్మోస్టాట్ పీకేస్తారు. అది తప్పుడు వైద్యం. ఇంజన్ సరైన వేడికి చేరడం ఆలస్యమవుతుంది, పెట్రోలు తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం సాధారణంగా రేడియేటర్‌లో పేరుకున్న సున్నం. బోరు నీళ్లు పోస్తే మళ్లీ అదే కథ. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో ఊచలు దూర్చి శుభ్రం చేయడం) చేయించి, ఒక వంతు కూలెంటుకు రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. కూలెంటు అల్యూమినియాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది కూడా. క్యాప్ వాషర్ ఎండిపోయి ఉంటే క్యాప్ కొత్తది వేయండి. బ్లాకు పక్కన రంధ్రాలను మూసే రేకు బిళ్లల (కోర్ ప్లగ్గుల) చుట్టూ తుప్పు చార కనబడితే అవీ మార్చాలి.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. పాత మోడళ్లలో లైను ఒక్కటే, ఒక చక్రం దగ్గర కారితే నాలుగూ పోయినట్టే. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బరు కిట్లన్నీ కొత్తవి వేయండి. విడిభాగాలు బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. పెట్రోలు గానీ ఇంజన్ ఆయిల్ గానీ తగిలితే కొత్త రబ్బరు కూడా ఉబ్బుతుంది. పెడల్ వదిలాక కూడా చక్రం పట్టుకునే ఉంటే, రబ్బరు గొట్టం లోపల వాచి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదన్నమాట. గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, నమ్మొద్దు.

ఎలుకలు కొరికిన వైరింగ్ మీద నేరుగా బ్యాటరీ వేస్తే మంటలే. నెగటివ్ టెర్మినల్‌కూ కేబుల్‌కూ మధ్య 12 వోల్టుల 21 వాట్ల బల్బు కట్టండి. అన్నీ ఆఫ్‌లో ఉన్నా బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లను సన్న ఎమరీతో రుద్ది, గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర పెట్టండి, ప్లగ్గులకు 0.6. ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2.

ప్లగ్గులు బిగించకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. తర్వాత బిగించి స్టార్ట్ చేయండి. కాసేపు నీలిపొగ వస్తుంది, పోసిన నూనెదే. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే మాత్రం గ్యాస్కెట్ పోయినట్టే.

ట్యూబు టైర్లు గట్టిగా కనబడినా పక్కన అచ్చేసిన తేదీ చూడండి: 2314 అంటే 2014లో 23వ వారం. అంత పాతవి వద్దు.

ఆర్సీ గడువు అయిపోతే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది గానీ, దాంతో రోజూ రోడ్ల మీద తిరగడానికి వీల్లేదు. వారానికోసారైనా బజారుకు తీసే ఉద్దేశముంటే దాని జోలికి పోవద్దు.

మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ స్టార్ట్ కాకపోతే కంగారు పడి సెల్ఫ్ కొట్టొద్దు. పంపులో పెట్రోలు ఆవిరై ఉంటుంది. బండిని పక్కకు తోసి, బోనెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి.