వీలునామా నిలబడేలా రాయడం ఎలా? ప్రొబేట్ ఎవరికి కావాలి?

వీలునామా రిజిస్టర్ అయితే చాలు, ఇక దానికి తిరుగులేదని మన దగ్గర చాలామంది నమ్ముతారు. రిజిస్ట్రేషన్‌తో కొంత బలం వస్తుంది, నిజమే. కానీ రాసినవాళ్లు పోయాక ఎవరైనా కాదంటే, దాని మీద సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి "నా ఎదుటే సంతకం పెట్టారు" అని చెప్పాల్సిందే. ఆ సాక్షి బోనెక్కే రోజును మనసులో పెట్టుకుని ప్రతి వాక్యం రాయాలి.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని హిందువులకు, క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద వర్తించే పద్ధతి. ముస్లింలకు నియమాలు వేరు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసులు సమ్మతించాలి. సున్నీలలో ఒక వారసుడికే ప్రత్యేకంగా రాసినా మిగతా వారసుల ఒప్పుదల కావాలి.

1. ఏది రాసే హక్కు ఉందో తేల్చుకోండి

స్వార్జితమైతే ఇష్టమైనవారికి రాయొచ్చు. పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో కూతుళ్లూ పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటాదారులయ్యారు. కాబట్టి పిత్రార్జితమైన పొలం మొత్తాన్నీ తండ్రి కొడుకుల పేర రాసేస్తే, కూతురి వాటా మేరకు ఆ రాత చెల్లదు. భార్య పేరున ఉన్న ఇల్లు భర్త వీలునామాతో చేతులు మారదు. దానికి ఆమే వీలునామా రాయాలి.

బ్యాంకు, షేర్ల ఖాతాల్లో నామినీ పేరు ఉంటే ఆ సొమ్ము నామినీదే అనుకోవద్దు. నామినీ సొమ్ము అందుకుని అసలు హక్కుదారులకు అప్పగించాల్సిన మనిషి. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. నామినీ పేరూ వీలునామాలోని పేరూ ఒకటే ఉండేలా చూసుకుంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

2. ఆస్తిని గుర్తుపట్టేలా రాయండి

పొలానికి గ్రామం, మండలం, సర్వే నంబరు సబ్ డివిజన్‌తో సహా, ఎకరాలు, సెంట్లు లేదా గుంటలు, నాలుగు హద్దులు, మీకు ఆస్తి వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం రాయాలి. ఇంటికి డోర్ నంబరు, పన్ను అసెస్‌మెంట్ నంబరు, చదరపు గజాలు. "ఊళ్లో ఉన్న నా పొలం" అని వదిలేస్తే, ఏ పొలమో చెప్పాల్సిన మనిషి అప్పటికి ఉండరు.

మరో రెండు వాక్యాలు తప్పక చేర్చండి. ఆస్తి పొందాల్సినవారు మీకన్నా ముందే పోతే అది ఎవరికి వెళ్లాలో ఒకటి. ఇందులో రాయని, ఇకముందు సంపాదించబోయే ఆస్తులు ఎవరికో రెండోది. ఈ రెండోది లేకపోతే, వీలునామా ఉన్నా మిగతా ఆస్తికి వీలునామా లేనట్టే లెక్క.

3. "జీవితాంతం అనుభవించి" అన్న మాటతో జాగ్రత్త

"నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు దఖలు పడవలెను." మన వీలునామాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది. దశాబ్దాల దావాలకు మూలమూ ఇదే. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ రెండో భాగం ప్రకారం, పరిమిత హక్కు ఇస్తే అది పరిమితంగానే ఉంటుంది. మొదటి భాగం ప్రకారం, స్త్రీకి ముందునుంచీ ఉన్న హక్కుకు, ఉదాహరణకు మనోవర్తికి, బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుతో దక్కుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో మొదటి భాగాన్ని విశాలంగా చూసి తీర్పిచ్చింది. ఆ తర్వాతి తీర్పులు అన్నీ ఒకే దారిలో లేకపోవడంతో, ఈ ప్రశ్నను 2024 డిసెంబరులో పెద్ద ధర్మాసనానికి నివేదించింది.

అందుకని ఆ వాక్యాన్ని అలవాటుగా దింపేయొద్దు. అమ్మే, తాకట్టు పెట్టే హక్కు ఆమెకు ఉందో లేదో విడమరిచి రాయండి. ఆమె పోషణకు వేరే ఏర్పాటు ఉంటే అదేమిటో చెప్పండి. మా ఉద్దేశంలో ఇంకా మేలైన దారి, ఒక ఆస్తి ఆమెకు సర్వహక్కులతో ఇచ్చి, మిగతావి నేరుగా పిల్లలకు రాయడం.

4. సంతకాల వరుస తప్పకూడదు

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. చేత్తో రాసినా టైపు చేయించినా ఒకటే. రాయించేవారికి చదవడం వచ్చిన భాషలోనే ఉండాలి. తెలుగు మాత్రమే చదివే మనిషి ఇంగ్లీషు వీలునామా మీద సంతకం పెడితే, అందులో ఏముందో తెలుసా అన్నదే కోర్టులో మొదటి ప్రశ్న అవుతుంది. చదువురాని నిశానీలైతే చదివి వినిపించినట్టు రాసి వేలిముద్ర వేయించాలి.

భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ చెప్పే వరుస ఇదీ: ముందు రాయించినవారి సంతకం, తర్వాత ఇద్దరు సాక్షులవి. సాక్షులు ఆ సంతకం పెట్టడం చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటివెంట విని ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనదు, ఉంటే మాత్రం చాలా మేలు. ప్రతి పేజీలోనూ సంతకం ఉంటే మంచిది. కొట్టివేత, దిద్దుబాటు ఉంటే పక్కనే రాయించినవారూ సాక్షులూ సంతకం చేయాలి, లేదంటే ఆ దిద్దుబాటు చెల్లదు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. దస్తూరిగా సంతకం చేసినంత మాత్రాన దస్తావేజు రాసినాయన సాక్షి అయిపోడు. రిజిస్ట్రేషన్ రోజు మిమ్మల్ని గుర్తించడానికి సంతకం చేసినవారి సంగతీ అంతే. ఇద్దరు సాక్షులు విడిగా ఉండాలి. మీకన్నా వయసులో బాగా చిన్నవారు, ఊళ్లోనే దొరికేవారు, ఆస్తి పొందనివారు అయితే మంచిది. క్రైస్తవుల వీలునామాలో సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ ఇచ్చిన ఆస్తి చెల్లదు. పైగా క్రైస్తవులు పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది. హిందువులకు ఈ రెండూ వర్తించవు.

ఆస్తి పొందేవాడే దగ్గరుండి రాయించడం, మంచాన ఉన్నప్పుడు వణికే సంతకం, కారణం చెప్పకుండా ఒక బిడ్డను వదిలేయడం లాంటివి అనుమానాస్పద పరిస్థితులు. వాటిని తొలగించే బాధ్యత వీలునామా తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1959లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఎవరినైనా వదిలేస్తే ఎందుకో ఒక్క వాక్యం రాయండి: "పెద్దమ్మాయికి పెళ్లప్పుడు ఫలానా స్థలం ఇచ్చాను." తిట్లు రాయొద్దు, కారణం చాలు.

5. రిజిస్ట్రేషన్, దాచుకోవడం

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కాగితం పోయినా నకలు దొరుకుతుంది. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలోకి వెళ్తాయి కాబట్టి ఆస్తి లావాదేవీలు చూపే ఈసీలో కనిపించవు. మీరు బతికున్నంత కాలం నకలు మీకో మీ ఏజెంటుకో తప్ప ఇవ్వరు. కదల్లేనివారి ఇంటికి సబ్ రిజిస్ట్రార్‌ను రప్పించుకోవచ్చు. సీలు చేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరిచే వీలూ ఉంది. మనసు మారితే కొత్తది రాయొచ్చు, చివరిదే చెల్లుతుంది. అందులో పాతదాని తేదీ, నంబరు రాసి రద్దు చేస్తున్నట్టు చెప్పండి.

6. ఆయన పోయాక: ప్రొబేట్ కావాలా?

ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. మన రెండు రాష్ట్రాల్లో హిందువులకు ప్రొబేట్ ఎప్పుడూ తప్పనిసరి కాదు. క్రైస్తవులకు 2002 సవరణతో ఆ అవసరం పోయింది. చెన్నై లాంటి నగరాల్లో ఇల్లో స్థలమో ఉన్న హిందువులకు మాత్రం ప్రొబేట్ తప్పనిసరి చేసి అడ్డంకిగా ఉంటూ వచ్చిన, భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను పార్లమెంటు 2025 డిసెంబరులో తీసేసింది. అందువల్ల మరణ ధ్రువపత్రం, అసలు వీలునామా, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో పొలానికి తహసీల్దారు ఆఫీసులో, ఇంటికి మున్సిపాలిటీలో పేరు మార్పుకు దరఖాస్తు చేయొచ్చు. వారసులెవరైనా అభ్యంతరం చెబితే వ్యవహారం సివిల్ కోర్టుకు చేరుతుంది.

బ్యాంకు పట్టుబట్టినా, తగాదా ముందే కనిపిస్తున్నా ప్రొబేట్ తీసుకోవడం తెలివైన పని. చనిపోయినవారు నివసించిన చోటో ఆస్తి ఉన్న చోటో జిల్లా కోర్టులో వేయాలి. వీలునామాను అమలు చేసే మనిషిగా అందులో పేరున్న ఎగ్జిక్యూటర్‌కే ప్రొబేట్ ఇస్తారు. ఎగ్జిక్యూటర్‌ను పెట్టకపోతే, వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికార పత్రం) అడగాలి. పిటిషన్‌లో మరణించిన తేదీ, ఆస్తుల విలువ ఉండాలి, అసలు వీలునామా జతపరచాలి. సాక్షి దొరికితే కనీసం ఒకరి ధ్రువీకరణా ఉండాలి. వారసులకు నోటీసులు వెళ్తాయి. ఎవరైనా ఎదిరిస్తే అది దావాలాగే నడుస్తుంది. దరఖాస్తు హక్కు పుట్టినప్పటి నుంచి మూడేళ్ల గడువు ఉంది కాబట్టి తాత్సారం చేయొద్దు. ఈ రెండింటిలో ఏది వచ్చినా, ఆ తర్వాత ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకివ్వాలి. ప్రొబేట్ తేల్చేది వీలునామా నిజమైనదని మాత్రమే. ఆ ఆస్తి చనిపోయినవారిదేనా అన్న తగాదా ఉంటే వేరే దావా వేయాల్సిందే.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి ఆస్తికి విడిగా వీలునామా రాసుకోవడం సులువు. అయితే అక్కడ తర్వాత రాయించే వీలునామాలో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న వాక్యం మామూలుగా ఉంటుంది, అది ఇక్కడిదాన్ని కూడా రద్దు చేసేయవచ్చు. సంతకం పెట్టే ముందు, ఆ రద్దు భారతదేశంలోని ఆస్తికి సంబంధించిన ఫలానా తేదీ వీలునామాకు వర్తించదని అక్కడి లాయరుతో రాయించండి.